తీర్పునుండి చట్టమువఱకు

న్యాయస్థానమనిన మన యిండ్లలో నొక జంకు కలదు. గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చును, ఓడినవాడు కోర్టులోనే యేడ్చును అని పెద్దలు చెప్పుకొనిన మాట నెఱుగనివారుండరు. కోర్టు మెట్లెక్కిన కుటుంబమును గూర్చి యిరుగుపొరుగువారు గుసగుసలాడుట నేటికిని మానలేదు. ఇక ఢిల్లీలో నెక్కడనో యున్న సుప్రీంకోర్టుతో గృహిణికి పనియేమని సోదరీమణులలో ననేకులు తలంతురు. ఈ మాసము మేము ముచ్చటింపదలచినది ఆ సంగతియే. మన బిడ్డ మధ్యాహ్నము బడిలో తినెడి అన్నమునకును, మన కూతురు పనిచేయు కచేరీలో నామె గౌరవమునకును, విడువబడిన భార్య పుచ్చుకొను మనోవర్తికిని ఆ న్యాయస్థానపు మాటలతో సంబంధము కలదు. ఆ మాట చట్టమై, ప్రభుత్వపు పద్ధతియై మన వాకిటివఱకు నెట్లు నడచివచ్చునో, త్రోవలో నెక్కడెక్కడ నిలిచిపోవునో తెలిసికొనుట మంచిది.

బడి భోజనముతో ప్రారంభింతము. 2001వ సంవత్సరమున రాజస్థానము మొదలగు రాష్ట్రములలో కఱవు తీవ్రముగ నుండెను. పల్లెలలో జనులు పస్తులుండుచుండగా, ప్రభుత్వపు గిడ్డంగులలో ధాన్యము నిండి ముక్కిపోవుచుండెను. ఆ ధాన్యమును ఆకలిగొన్నవారి కేల పెట్టరాదని పి.యు.సి.ఎల్. అను పౌరహక్కుల సంఘమువారు సుప్రీంకోర్టులో పిటీషను వేసిరి. రాజ్యాంగములోని 21వ అధికరణము ప్రతి మనుష్యునికి జీవించు హక్కు నిచ్చుచున్నది. అన్నము లేనిదే జీవన మెక్కడిదని వారి వాదము. ఆ సంవత్సరము నవంబరు 28వ తేదీన న్యాయస్థాన మొక మధ్యంతరపు ఉత్తరువు నిచ్చెను. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలోను చదువు ప్రతి బిడ్డకును, సంవత్సరమునకు కనీసము 200 దినములు, 300 కేలరీలకు తక్కువకాని శక్తియు, 8 మొదలు 12 గ్రాముల మాంసకృత్తులును గల వండిన భోజనము పెట్టవలెనని దాని సారము.

'వండిన' అను మాటను మన సోదరీమణులు గమనింపవలెను. బడిపిల్లలకు ఆహారమిచ్చు కేంద్రపథకము 1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీననే పుట్టినది. అయినను పెక్కు రాష్ట్రములలో బిడ్డకు నెలకు మూడు కిలోల గింజలు కొలిచి యింటికి పంపి ఊరకుండిరి. ఇంటికి వచ్చిన గింజ ఇంటిల్లిపాది కుండలో పడును. పదిమంది తినగా బిడ్డ పాలికి వచ్చున దెంతయో తల్లులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అందునను ఆడపిల్ల పాలికి వచ్చునది మఱియు తక్కువ. బడిలో వండి వడ్డించిన అన్నము నేరుగా బిడ్డ కడుపులోనికి పోవును. తమిళనాడులో 1982వ సంవత్సరముననే ఈ పద్ధతి విస్తారముగ సాగుచుండెను. ఒక రాష్ట్రములో నెగ్గిన పనిని దేశమంతటను చేయుడని న్యాయస్థానము నిర్బంధించినది.

ఉత్తరువు నిచ్చి యూరకుండిన నది కాగితముగనే మిగిలియుండెడిది. అందుచేత 2002వ సంవత్సరమున న్యాయస్థానము తన పక్షమున చూచివచ్చుటకు ఇద్దఱు కమిషనర్లను నియమించెను. ఒకరు ఎన్.సి. సక్సేనా గారు, మఱియొకరు మన ఆంధ్రదేశమున చిరకాలము ఉద్యోగము చేసి, వెట్టిచాకిరి నిర్మూలనమునకై పాటుపడిన ఎస్.ఆర్. శంకరన్ గారు. ఆ మహనీయుని పేరు పాతతరపు హాస్టలు విద్యార్థులు నేటికిని చేతులెత్తి తలంతురు. 2004వ సంవత్సరము ఏప్రిలు నెలలో వచ్చిన మఱియొక ఉత్తరువులో, వంటవారి నియామకమున దళితులకును, గిరిజనులకును ప్రాధాన్య మీయవలెనని చెప్పబడినది. ఎవరి చేతి అన్నము ఎవరు తినవచ్చునను ప్రశ్న మన వంటయిండ్లలో నెంత మొండిదో అందఱికి తెలియును. పంక్తిలో కూర్చుండిన పసిపిల్లలకు ఆ ప్రశ్నయే తెలియకుండ జేయుటకు ఆ యుత్తరువు పూనుకొన్నది. కొన్ని గ్రామములలో పెద్దలు మొండికెత్తిరి. పిల్లలు మాత్రము తిని చేతులు కడుగుకొనిరి.

ఎట్టకేలకు 2013వ సంవత్సరమున పార్లమెంటు జాతీయ ఆహారభద్రతా చట్టమును జేసెను. బడి భోజనము అందులో బిడ్డల హక్కుగ చేరినది. మధ్యంతరపు ఉత్తరువునకును చట్టమునకును నడుమ పండ్రెండేండ్లు. 2024వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన బడి భోజన పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. గోదావరి లంకలలో వచ్చినవారి కెల్ల వండి వడ్డించిన ఆ తల్లికి అంతకంటె తగిన స్మారకచిహ్నము వేఱొకటి లేదని మా తలంపు.

ఇప్పు డొక సందేహము కలుగవచ్చును. న్యాయస్థానమునకు సైన్యము లేదు, ఖజానా లేదు, గింజలకొట్టు లేదు. చట్టము చేయుట దాని పనియు గాదు. మఱి దాని మాట కింత బలమెక్కడినుండి వచ్చినది? 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమునుండి వచ్చినది. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టము చెల్లదని 13వ అధికరణము చెప్పుచున్నది. హక్కు భంగమైన పౌరుడు నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టవచ్చునని 32వ అధికరణము చెప్పుచున్నది. ఇది రాజ్యాంగమునకు హృదయము, ఆత్మ వంటిదని అంబేద్కరు గారు రాజ్యాంగసభలోనే పలికిరి. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రము దేశమందలి కోర్టుల నెల్ల బంధించునని 141వ అధికరణము. ఈ అధికరణములను చర్చించిన సభలో మన దుర్గాబాయి గారును సభ్యురాలై యుండిరి. ఆమెయు న్యాయవాదియే.

కనుక న్యాయమూర్తులు చట్టమును కొట్టివేయవచ్చును, అర్థము చెప్పవచ్చును, చట్టము లేనిచోట హక్కును మాత్రము చూపవచ్చును. చూపిన తరువాత చట్టసభవారు ఊరకుండుట కష్టము. ఆంధ్రప్రదేశమందలి ప్రైవేటు వృత్తికళాశాలల ఫీజులను గూర్చి పుట్టిన ఉన్నికృష్ణన్ వ్యాజ్యములో, 1993వ సంవత్సరమున న్యాయస్థానము పదునాలుగేండ్లవఱకు విద్య బిడ్డకు ప్రాథమిక హక్కని పలికెను. 2002వ సంవత్సరమున రాజ్యాంగమును సవరించి ఆ మాటను అందులో చేర్చిరి. 2009వ సంవత్సరమున చట్టము వచ్చినది. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలైనది. కళాశాల ఫీజుల తగవు ఓనమాలు దిద్దు బిడ్డకు ఉపకరించినది.

అయితే న్యాయస్థానము చెప్పినదెల్ల మేలని మేము చెప్పబోము. తప్పు తీర్పులును గలవు. చిత్రమేమనగా, తప్పు తీర్పుకూడ ఒక్కొక్కపుడు మంచి చట్టమునకు కారణమైనది. 1972వ సంవత్సరమున మహారాష్ట్రమున ఒక పోలీసు ఠాణాలో, ఒక గిరిజన బాలికపై ఇద్దఱు పోలీసులు అత్యాచారము చేసిరని కేసు నడచినది. హైకోర్టు శిక్ష విధింపగా, 1978వ సంవత్సరమున సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి వారిని విడిచిపెట్టెను. బాలిక ఒంటిమీద గాయములు లేవు, కేకలు వేసిన జాడ లేదు, కాబట్టి ఆమె ప్రతిఘటింపలేదని తీర్పులోని తర్కము. రాత్రివేళ ఠాణాలో ఇద్దఱు పోలీసుల నడుమ చిక్కిన దిక్కులేని పిల్ల కేకలు వేసిన వినువా రెవ్వరు?

మఱుసటి సంవత్సరము ఉపేంద్ర బక్షీ, లతికా సర్కారు, వసుధా ధగంవార్, రఘునాథ కేల్కర్ అను నలుగురు న్యాయశాస్త్రోపాధ్యాయులు దేశ ప్రధానన్యాయమూర్తిగారికి ఒక బహిరంగలేఖ వ్రాసిరి. సుప్రీంకోర్టు తీర్పును తప్పని అంత స్పష్టముగ బహిరంగముగ చెప్పుట ఆ దినములలో సామాన్యమైన విషయము గాదు. నగరములలో స్త్రీసంఘములు వీథులలోనికి వచ్చెను. తీర్పు మాఱలేదు, ఆ బాలికకు న్యాయము జరుగనే లేదు. చట్టము మాత్రము మాఱినది. 1983వ సంవత్సరమున పార్లమెంటు క్రిమినలు చట్టమును సవరించెను. నిర్బంధములో నున్న స్త్రీ తాను సమ్మతింపలేదని చెప్పినయెడల, సమ్మతి లేదనియే కోర్టు భావింపవలెననియు, బాధితురాలి పేరు వెల్లడిచేయుట నేరమనియు విధించిరి. ఆ నియమములు 2024 జూలైలో వచ్చిన క్రొత్త సంహితలలోనికిని సాగినవి. వార్తాపత్రికలలో బాధితురాలి పేరు నేడు కానరాకుండుటకు ఆనాటి ఆందోళనమే మూలము.

న్యాయస్థానము మంచిమాట చెప్పగా చట్టసభ వెనుకంజవేసిన సందర్భమును గలదు. ఇందూరు నగరమందలి షాబానో బేగము కథ మన తల్లులకు జ్ఞాపకముండును. ఆమెకు 1932వ సంవత్సరమున వివాహమైనది, అయిదుగురు బిడ్డలు. భర్త న్యాయవాది. నలువదిమూడేండ్ల కాపురము పిమ్మట 1975వ సంవత్సరమున ఆమెను ఇంటినుండి వెడలగొట్టి, 1978వ సంవత్సరమున తలాక్ చెప్పెను. ఆమె మనోవర్తి కోరగా మేజిస్ట్రేటు నెలకు 25 రూపాయలిప్పించెను. హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలు చేసెను. ఆ సొమ్మునైన ఇయ్యననుచు భర్త సుప్రీంకోర్టువఱకు పోయెను! 1985 ఏప్రిలు 23వ తేదీన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, మనోవర్తి చట్టము మతభేదము లేక అందఱు భార్యలకు వర్తించునని తీర్పు చెప్పెను.

దానిపై రేగిన అలజడికి వెఱచి ప్రభుత్వము 1986వ సంవత్సరమున ఒక క్రొత్త చట్టము చేయించి, విడువబడిన ముస్లిము స్త్రీకి భర్త యిచ్చు మనోవర్తిని ఇద్దత్ కాలమునకే పరిమితముచేసినట్లు కనబడునట్లు వ్రాయించెను. ఓట్ల లెక్కలో వృద్ధురాలి యన్నము తేలికైనది. కథ అంతటితో ముగియలేదు. షాబానో పక్షమున వాదించిన దానియల్ లతీఫీ గారే ఆ చట్టము చెల్లదని పిటీషను వేసిరి. 2001వ సంవత్సరమున న్యాయస్థానము ఆ చట్టమును కొట్టివేయక, చాతుర్యముగ అర్థము చెప్పినది: భర్త ఇద్దత్ కాలములోపల ఈయవలసినది ఆ మూడు నెలల తిండి మాత్రమే కాదు, ఆమె భవిష్యత్తున కంతటికి తగిన ఏర్పాటు అని. చట్టములోని అక్షరము మాఱలేదు, అర్థము మాఱినది. ఇటీవల 2024 జూలై 10వ తేదీన, తెలంగాణమునుండి వెళ్లిన వ్యాజ్యములో, విడువబడిన ముస్లిము స్త్రీ పాత మనోవర్తి చట్టము క్రిందను అడుగవచ్చునని న్యాయమూర్తులు నాగరత్న గారు, మసీహ్ గారు స్పష్టపఱచిరి. ఈ వ్యాజ్యములోను భర్తయే అప్పీలుదారు. కుటుంబకోర్టు నెలకు 20,000 రూపాయలు మధ్యంతరముగ విధింపగా, హైకోర్టు 10,000కు తగ్గించినను, ఆయన ఢిల్లీవఱకు పోయెను. ముప్పదితొమ్మిదేండ్లకు షాబానో అడిగిన ప్రశ్నకు మరల అదే సమాధానము వచ్చినది.

ఆస్తి విషయమున మాత్రము మన రాష్ట్రపు చట్టసభయే ముందు నడచినది. హిందూ సమష్టికుటుంబములో కొమార్తెకును పుట్టుకతో సమానభాగ మిచ్చు సవరణమును ఆంధ్రప్రదేశ శాసనసభ 1986వ సంవత్సరమున చేసి, 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అమలుపఱచెను. అప్పటికే వివాహమైనవారికి అది వర్తింపలేదు. దేశమంతటికి పార్లమెంటు 2005వ సంవత్సరమున చట్టము చేసినది. తరువాత ఆ చట్టము వచ్చునాటికి తండ్రి బ్రదికియుండవలెనా అను తగవు పదునైదేండ్లు నడచి, 2020 ఆగస్టు 11వ తేదీన తండ్రి యుండుట లేకుండుటతో నిమిత్తము లేదని తేలినది. చట్టసభ ఇచ్చిన హక్కును కోర్టు విశాలము చేయగా, పసుపుకుంకుమల పేరిట రిజిస్ట్రారు కచేరీలో సంతకము చేయించుకొని దానిని మరల లాగికొను అన్నదమ్ములు మన యూళ్లలో లేకపోలేదు. ఆ ముచ్చట మఱియొకసారి చెప్పుకొందము.

ఇక స్త్రీలు పనిచేయుచోటిని గూర్చి. ఇది మేము కొంచెము విపులముగ చెప్పదలచినాము. ఏలయన ఈ పత్రిక చదువు తల్లులలో అనేకుల కొమార్తెలు నేడు ఉద్యోగములు చేయుచున్నారు.

ఒకకాలమున ప్రభుత్వమే స్త్రీ ఉద్యోగినికి సంకెలలు వేసినది. 1949వ సంవత్సరమున విదేశాంగ ఉద్యోగములో చేరిన మొదటి స్త్రీ సి.బి. ముత్తమ్మగారు. ఆ ఉద్యోగములోని స్త్రీ వివాహమాడుటకు ప్రభుత్వపు అనుమతి పొందవలెననియు, సంసారభారము పనికి అడ్డమగునని తోచినచో రాజీనామా ఈయవలసివచ్చుననియు నియమముండెను. పురుషునికట్టి నియమము లేదు. తన కీయవలసిన పదోన్నతి నీయలేదని ఆమె 1979వ సంవత్సరమున సుప్రీంకోర్టునకు పోయెను. విచారణ ముగియకమునుపే ప్రభుత్వము పదోన్నతి నిచ్చి, ఆ నియమములను తొలగించుచుంటిమని విన్నవించుకొనెను. పిటీషను వేసినంతనే సగము పని యైనది! న్యాయమూర్తి కృష్ణయ్యరు గారు అప్పటికిని మందలింపక విడువలేదు.

కాని చదువుకొనిన అధికారిణికి దొరికిన న్యాయము పల్లెటూరి పనికత్తెకు దొరకదు. 1992వ సంవత్సరమున రాజస్థానములో ఒక గ్రామమున, ప్రభుత్వపు స్త్రీ అభివృద్ధి పథకము క్రింద సాథిన్, అనగా స్నేహితురాలు, అను పేరుతో పనిచేయు ఒక కుమ్మరి స్త్రీ యుండెను. ఏడాదియైన నిండని పసికందునకు పెండ్లి చేయబోగా, అది చట్టవిరుద్ధమని చెప్పి ఆపుటకు ప్రయత్నించెను. అది ఆమె ఉద్యోగధర్మము. అందుకు పగబట్టి గ్రామమందలి పెద్దకులమువారు కొందఱు ఆమెపై సామూహికముగ అత్యాచారము చేసిరని అభియోగము. 1995వ సంవత్సరమున క్రింది కోర్టు వారిని ఆ నేరమునుండి విడిచిపెట్టెను.

ఆమెకు జరిగినది ప్రభుత్వపు పని చేయుచుండగా జరిగినది. మఱి పని యిచ్చినవారి పూచీ యేమి? దీనికి దేశములో చట్టము లేకపోయెను. 'విశాఖ' అను సంఘమును, మఱికొన్ని స్త్రీసంఘములును కలిసి, పనిచోట స్త్రీకి రక్షణ కల్పింపుడని 32వ అధికరణము క్రింద సుప్రీంకోర్టు నర్థించిరి. 1997 ఆగస్టు 13వ తేదీన ప్రధానన్యాయమూర్తి జె.ఎస్. వర్మ గారు, సుజాతా మనోహర్ గారు, కిర్పాల్ గారు తీర్పు వెలువరించిరి. స్త్రీలపై వివక్షను తొలగించు అంతర్జాతీయపు ఒడంబడికను భారతదేశము 1993వ సంవత్సరమున ఆమోదించినది కదా. చట్టము లేనంతమాత్రమున ఆ మాట తప్పుట కాదని వారు తలంచిరి. సమానత్వపు హక్కు, వృత్తి చేసికొను హక్కు, జీవించు హక్కు, ఈ మూడింటిని కలిపి చదివి, పనిచోట స్త్రీని లైంగికముగ వేధించుట ఆ హక్కులకు భంగమని నిర్ణయించిరి. ప్రతి సంస్థలోను ఫిర్యాదులు వినుటకు కమిటీ వేయవలెను. దానికి స్త్రీ అధ్యక్షురాలుగ నుండవలెను. సభ్యులలో సగమునకు తక్కువగాక స్త్రీలుండవలెను. సంస్థవారి ఒత్తిడి సాగకుండుటకు బయటివారొకరు ఉండవలెను. చట్టము వచ్చువఱకు ఇదియే చట్టమని ప్రకటించిరి.

ఇట్లు చేయుటకు న్యాయమూర్తులకు అధికారమెక్కడిదని ఆక్షేపించిన పండితులు కలరు. ఓటు వేసి మన మెన్నుకొనినవారు చట్టము చేయవలెను గాని, ఎన్నుకొనబడనివారు చేయుటేమని వారి ప్రశ్న. ఇది త్రోసివేయదగిన ప్రశ్న గాదు. నేడు మనకు నచ్చిన నియమము వ్రాసిన చేయి రేపు నచ్చనిదియు వ్రాయగలదు. 1978వ సంవత్సరపు తీర్పును మఱువరాదు. అయినను విశాఖ వ్యాజ్యమున కేంద్రప్రభుత్వపు న్యాయవాదియే ఈ నియమములకు సమ్మతి తెలిపిరి. పైగా, ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వువఱకు ఆగుమనుట ధర్మము గాదు. పొరుగువాని నూతినుండియైన నీరు తేవలసినదే. దోషము నీరు తెచ్చినవానిది గాదు, బావి త్రవ్వక పదునాఱేండ్లు కూర్చుండినవానిది.

అవును, పదునాఱేండ్లు. 1997వ సంవత్సరపు తీర్పునకు చట్టరూపము 2013వ సంవత్సరమునగాని రాలేదు. ఈ నడుమ ఎన్ని మంత్రివర్గములు మాఱినవి! కమిటీలు లేని సంస్థలే యెక్కువయని 2012 అక్టోబరులో సుప్రీంకోర్టే మరల చెప్పవలసివచ్చెను. అదే సంవత్సరము డిసెంబరులో ఢిల్లీలో ఒక విద్యార్థినిపై బస్సులో జరిగిన దారుణము దేశమును కదలించెను. అపుడు క్రిమినలు చట్టముల సవరణకై వేసిన సంఘమునకు అధ్యక్షులైనవారు, విశాఖ తీర్పు చెప్పి విశ్రాంతి తీసికొన్న ఆ వర్మ గారే. ఆ వేడిలో పనిచోట వేధింపుల నిరోధపు చట్టమును 2013 ఫిబ్రవరిలో రాజ్యసభ ఆమోదింపగా, డిసెంబరు 9వ తేదీనుండి అమలైనది.

ఆలసించినను చట్టసభ ఒక మేలు చేసినది. కోర్టు నియమములు కచేరీలను, కర్మాగారములను మనస్సులో నుంచుకొని వ్రాయబడినవి. చట్టమునకు వేసిన మొదటి ముసాయిదాలో ఇండ్లలో పనిచేయు స్త్రీలు లేరు. పార్లమెంటు స్థాయీసంఘము వారినిగూడ చేర్పుమనగా చేర్చిరి. పదిమందికి తక్కువ పనివారున్నచోట పనిచేయువారికిని, ఇంటి పనిమనిషికిని జిల్లాకొక స్థానిక కమిటీ యేర్పడవలెనని నియమించిరి. మన యింట అంట్లు తోము మనిషికికూడ ఈ చట్టములో చోటున్నదని మనలో నెందఱ మెఱుగుదుము? మేమును మొన్నమొన్నటివఱకు ఎఱుగమని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము.

2023 మే నెలలో సుప్రీంకోర్టు మరల ఈ విషయమును చేతబట్టినది. ముప్పది జాతీయ క్రీడాసంఘములలో పదునాఱింటికి కమిటీయే లేదని ఒక పత్రిక ప్రకటించిన సంగతిని తీర్పులో ఉదాహరించి, పదేండ్లైనను చట్టము ఇట్లు నడచుట శోచనీయమనిరి. ఆ తీర్పు వ్రాసినవారు హిమా కోహ్లీ గారు. సుప్రీంకోర్టునకు పోవుటకుముందు తెలంగాణ హైకోర్టునకు మొదటి స్త్రీ ప్రధానన్యాయమూర్తిగ నుండినవారు.

ఈ వ్యాసమునకై విషయము సేకరించుచున్న దినములలో మేమొక బట్టలదుకాణమునకు పోయితిమి. ఊరు, పేరు చెప్పము. ముప్పదిమందికి తక్కువగాక ఆడపిల్లలు ఉదయమునుండి రాత్రివఱకు నిలువుకాళ్లపై చీరలు విప్పి చూపుచున్నారు. బేరమైన పిమ్మట మేనేజరును మెల్లగా అడిగితిమి.

"ఇక్కడ ఆడపిల్లల ఫిర్యాదులు వినే కమిటీ ఉందా బాబూ?"

"కమిటీయా అమ్మా? వినాయకచవితి పందిరికి ఉందండీ. చందా ఏమైనా రాయమంటారా?"

ఆయన వేళాకోళము చేయలేదు, నిజముగనే తెలియదు. చీర మడతపెట్టుచున్న పిల్ల తలవంచుకొని నవ్వుకొన్నది. ఆయన అవతలికి పోయినపిదప, "అదేం కమిటీ అమ్మగారూ?" యని అడిగినది. మేము తెలిసినంత చెప్పితిమి. పదిమందియు అంతకుమించియు పనిచేయుచోట యజమాని కమిటీ వేయవలెను. దాని అధ్యక్షురాలు స్త్రీ. వేయని యజమానికి 50,000 రూపాయలవఱకు జుల్మానా. ఫిర్యాదు మూడు నెలలలోపల వ్రాతమూలకముగ ఈయవలెను; తగిన కారణమున్నచో మఱి మూడు నెలలు గడువు. వ్రాయలేనివారికి కమిటీవారే వ్రాసిపెట్టవలెను. తొంబది దినములలో విచారణ ముగియవలెను. పేరు బయటికి పొక్కరాదు. యజమానిమీదనే ఫిర్యాదైనచో జిల్లా స్థానిక కమిటీకి పోవలెను.

"యజమాని మీద కూడానా?" అని ఆ పిల్ల రెండుసార్లు అడిగినది. ఎందుల కడిగినదో మేము ప్రశ్నింపలేదు. "అది ఎక్కడుంటుందమ్మా?" అనినది. జిల్లా స్థానిక కమిటీ అను మాటను, కలెక్టరు కచేరీలో విచారింపుమనియు చీర బిల్లు వెనుక వ్రాసి యిచ్చితిమి. తక్కిన పిల్లలు నలుగురు అది చదువుటకు ఆమె చుట్టు మూగిరి. ఇంతలో మేనేజరు కేకవేయగా అందఱును తమ తమ బల్లలకు పోయిరి. ఆమె ఆ బిల్లును మడిచి రవికెలో దోపుకొన్నది. బిల్లు లేక మేము చీరతో బయటికి రాబోగా వాకిట కావలివాడు ఆపెను. ఆ పిల్లయే వచ్చి, "ఇచ్చాను, పంపించు అన్నా" అని చెప్పి మమ్ము సాగనంపినది.